పొలుసు

పొలుసంటే చేపకుండేదే అనుకున్నాడు ఇసిడోరోస్,
ముప్పై నాలుగేళ్లు ఓడల కడుపులో
ఇంజన్ల పక్కన బతికిన మనిషి.
ఖియోస్ దీవిలో ఈ కమలా తోట వాటాకి వచ్చిన ఏడు
కొమ్మల నిండా గోధుమరంగు బొడిపెలు చూసి
"బెరడే కదా" అన్నాడు.
గోటితో గీకాను. ఊడి వచ్చింది.
వేలికి తడి అంటింది.
"బెరడుకి రసముంటుందా?" అన్నాను.
మా ఆయనకి అన్న కాబట్టి అంతటితో ఊరుకున్నాను.

ఆకులు జిగట. చెట్టు కింద కుర్చీ జిగట.
ఆ తేనెబంక మీద మసి పట్టి
ఆగస్టు నాటికి తోట
పొగగొట్టం పక్కన ఆరేసిన బట్టల్లా తయారైంది.
కాయలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి
ముఖం కడగని పిల్లల్లా.

అతనికి తెలిసిన వైద్యం ఒకటే, ఒత్తిడి.
మొరాయిస్తే ఇంకాస్త పెంచడం.
రేవులో కొన్న ఘాటు మందు,
వీపున ట్యాంకు, ముక్కుకి గుడ్డ,
మూడు రోజులు కొట్టాడు.
నాలుగో రోజు తోటలో చడీచప్పుడు లేదు.
రాలినవి ఏరి దోసిట్లో చూపించాను.
అక్షింతల పురుగులు.
ఎర్రటివి, నల్లచుక్కలవి,
కాళ్లు ఆకాశానికెత్తి.
పొలుసులు మాత్రం తమ కప్పుల కింద
వాన వెలిసేదాకా ఆగినట్టు ఆగాయి.
మరుసటి ఏడు రెండింతలు.

అప్పుడొచ్చింది పక్క తోట ఆర్గిరో.
ఎనభై రెండేళ్లు. మోకాళ్లు వంగవు, నోరు ఆగదు.
కొమ్మల వంక చూడనేలేదు.
కర్రతో చెట్టు మొదలు పొడిచి చూపించింది.
"చీమలు.
తీపి కోసం కాపలా కాస్తాయి ముండలు.
దొంగ సంగతి తర్వాత,
ముందు కాపలావాడి జీతం ఆపు."

కాండానికి గుడ్డ చుట్టాడు, దాని మీద బంక పూశాడు.
నేలకి వాలిన కొమ్మలు కోశాడు,
గోడ మీదికి చేయి చాచినవీ కోశాడు,
ఓడ కదిలేముందు నిచ్చెన లాగేసినట్టు.

మే నెలలో రెమ్మలకి అంటుపట్టీలు చుట్టాం.
వారం తర్వాత భూతద్దం పెడితే
పసుపు చుక్కలు, ఆవగింజలో పదో వంతు లేవు,
ఇంకా కాళ్లాడిస్తున్నాయి.
వాటి బతుకు మొత్తంలో నడక ఆ ఒకటి రెండు రోజులే.
తర్వాత నోరు గుచ్చి ఒకచోట కూర్చుంటాయి,
కాళ్ల సంగతే మరిచిపోతాయి.
అతను చాలాసేపు చూశాడు.
ఇంజన్ గది గురించి ఏదో అన్నాడు,
నాకు సరిగా వినపడలేదు.

ఎండ దిగాక పలచటి నూనె కొట్టాం,
ఆకు అడుగునా, కొమ్మ చంకల్లోనూ.
విషం కాదది. ఊపిరి మీద మూత.
చేతికందే కొమ్మల్ని
పాత పళ్ల బ్రష్షులతో, సబ్బునీళ్లతో తోమాం.
ఒక పొలుసు తిరగబడింది అతని గోరు కింద.
లోపల తల్లి లేదు.
ఎండి, వీపు ఒక్కటే కప్పుగా మిగిలింది.
ఆ కప్పు కింద గుడ్లు,
పిండి చల్లినట్టు, వందలు.
బ్రష్షు పక్కన పెట్టాడు.
లోపలికెళ్లి కాఫీ తాగి వచ్చాడు.
మళ్లీ తోమాడు.
కాకపోతే ఆ రోజు నుంచీ
తోమేటప్పుడు ఈల వేయడు.

ఉత్తరం మూల, విరిగిన నీటిచక్రం దగ్గర
ఒక చెట్టుని ముట్టుకోవద్దంది ఆర్గిరో.
"అన్నీ చంపితే
అక్షింతల పురుగు ఏం తినడానికొస్తుంది నీ ఇంటికి?"
తుప్పు చుక్క కనిపిస్తే నిద్రపట్టని మనిషి,
ఆ చెట్టు పక్క నుంచి
ముఖం తిప్పుకుని నడుస్తాడిప్పటికీ.
మూడో వేసవికి వచ్చాయి.
నేను పదకొండు లెక్కపెట్టాను.
అతను పద్నాలుగంటాడు.

ఈ జనవరిలో కాయలు తొట్టిలో కడిగి అమ్మాం.
తొడిమ దగ్గర ఒకటో రెండో బొడిపెలున్నవి
వ్యాపారి పక్కకి తోశాడు.
అవి మేం తింటున్నాం, అరుగు మీద కూర్చుని.
తొక్క తీస్తే లోపల ఏమీ లేదు,
కమలాపండు తప్ప.